మెయిలు సంచి, గోంగూర బుట్ట

కొన్నాళ్లు నేను మనుషుల్ని తూకం వేసి బతికాను. మస్కట్‌కు దక్షిణంగా, విమానంలో రెండు గంటల దూరంలో, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరికో ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. ఎయిర్‌స్ట్రిప్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. చదును చేసిన కంకర నేల, గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డగొట్టం, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో నేను. డెబ్భైల నడుమ మాట ఇది. వారానికొకసారి, గురువారం నాడు, తొమ్మిది మంది పట్టే రెండింజన్ల విమానం మస్కట్ ఎయిర్‌పోర్టు ఉన్న సీబ్ నుంచి వచ్చి, గంటసేపు ఆగి, వెనక్కి పోయేది. ఆ చిన్న విమాన కంపెనీకి మా ఊళ్లో ఉన్న సిబ్బంది మొత్తం నేనే. టికెట్టు రాసేదీ నేనే, పెట్టెలు మోసేదీ నేనే, విమానం దిగేముందు కంకర మీది మేకల్ని తోలేదీ నేనే. హోదా మాత్రం లోడ్ క్లర్కు.

అంత చిన్న విమానానికి బరువే ప్రాణం. ఎండాకాలం మరీను. గాలి వేడెక్కితే పలచబడుతుందనీ, పలచబడిన గాలి రెక్కల్ని సరిగ్గా మోయదనీ పైలట్ దొర నాకు రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి నేను నమ్మలేదు. జూన్ వచ్చిందంటే మోసే బరువులో కోత పెట్టేవారు. ప్రయాణికుల్ని కూడా కాటా మీద నిలబెట్టాల్సిందే. ఖర్జూరం బస్తాలు తూచే కాటా అది. ఆడవాళ్లను కాటా ఎక్కమనే ధైర్యం ఆ దేశంలో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. వాళ్లందరికీ తలా యాభై కిలోలు రాసేసేవాణ్ని. ఒకసారి అలాంటి యాభై కిలోల వాళ్లు నలుగురు ఎక్కారు. విమానం కంకర చివరిదాకా పరిగెత్తి గానీ లేవలేదు. మరుసటి వారం దొర దిగుతూనే నా వంక అదోలా చూశాడు. నేను గుడ్డగొట్టం వంక చూశాను.

ఊళ్లో పోస్టాఫీసు లేదు గనక పోస్టు కూడా నా నెత్తినే. సీబ్ నుంచి వచ్చే మెయిలు సంచి సీలు విప్పి, పేర్లు చదివి, ఎవరివి వాళ్లకిచ్చేవాణ్ని. పోయే ఉత్తరాల్ని ఇంకో సంచిలో వేసి, మూతి కట్టి, సీలు వేసి ఎక్కించేవాణ్ని. రాయడం రానివాళ్లకు రాసిపెట్టేదీ నేనే. ఊళ్లో చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీ ఒకటి కడుతున్నారు. ఆ సైట్‌లో మనవాళ్లు పదిమంది దాకా ఉండేవారు, అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. శుక్రవారం సెలవు. పొద్దున్నే నా రూమ్‌కి వచ్చి వరసగా చాప మీద కూర్చునేవాళ్లు. నాది గోదావరి జిల్లా. ఇంటర్ రెండుసార్లు తప్పాను గానీ రాత మీద మాత్రం మహా గీర. చెప్పింది చెప్పినట్టు రాస్తే నాకు తృప్తిగా ఉండేది కాదు. "మంచిగున్ననని రాయి సారూ" అంటే, భగవంతుడితో మొదలుపెట్టి, సముద్రాన్నీ చంద్రుణ్నీ కూడా దింపేవాణ్ని. వాళ్ల భార్యలు ఆ చంద్రుణ్ని ఏం చేసుకున్నారో నాకు తెలియదు.

వాళ్లలో ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. నా కన్నా ఆరేడేళ్లు పెద్ద. దారం పట్టకుండా కట్టినా అతని గోడ నిటారుగా వచ్చేది. అక్షరం ముక్క మాత్రం రాదు. భార్యకూ రాదు. ఆమె తరఫున వాళ్ల ఊరి పోస్టుమాస్టరే రాసేవాడు. ఇతని ఉత్తరం చేరితే ఆయనే తన అరుగు మీద కూర్చుని, వచ్చిన పదిమంది ముందూ గట్టిగా చదివేవాడు. ఆ ఊళ్లో అదే పద్ధతి. ఉత్తరం ఒకరిదే అయినా వినేది అందరూ. పదకొండేళ్ల కాపురం, పిల్లలు లేరు. అతని అన్నా వదినలతో ఉమ్మడి ఇల్లు. ఆ ఇంట్లో ఆమెకున్న బలమల్లా మొగుడి మాటే. ఆమె దగ్గర్నుంచి పదిహేను రోజులకొక ఉత్తరం తప్పకుండా వచ్చేది.

ఇక గోంగూర సంగతి. సీబ్‌కు దగ్గర్లోని బర్కాలో ఒక తోటలో గుంటూరు జిల్లా అతను పనిచేసేవాడు. వచ్చేటప్పుడు జేబులో గింజలు తెచ్చుకుని, ఖర్జూరం చెట్ల మధ్య ఒక మడి గోంగూర వేశాడు. వాళ్ల అర్బాబు, అంటే ఆ తోట యజమాని, అది మేకల మేత అనుకుని ఊరుకున్నాడు. నాకా సంగతి తెలిసింది. తెలిశాక ఊరుకోవడానికి నేను సన్యాసిని కాదు. అతను ప్రతి గురువారం తోట బండిలో సీబ్ దాకా వచ్చి, అక్కడ నాలాంటి లోడ్ క్లర్కైన ఒక మలయాళీకి బుట్ట అప్పగించేవాడు. ఆ మలయాళీకి నేను ఇక్కణ్నుంచి వంజరం చేప పంపేవాణ్ని. పోయేటప్పుడు విమానంలో చోటుకేం కొదవ లేదు. వచ్చేటప్పుడే ఇబ్బంది.

రూలు ప్రకారం ముందు మనుషులు, తర్వాత వాళ్ల సామాన్లు, ఆస్పత్రి మందులు, ఆ తర్వాత మెయిలు, ఇంకా చోటుంటే మిగతావి. మా స్నేహం ప్రకారం మెయిలుకు ముందు బుట్ట. ఆ జూన్‌లో ఎండలు మండిపోయి బరువు కోత పెరిగింది. మెయిలు సంచీ గోంగూర బుట్టా ఇంచుమించు ఒకే బరువు. ఏదో ఒకటే ఎక్కాలి. ఏదెక్కించమంటావని మలయాళీ రేడియోలో అడిగాడు. నేను పెద్దగా ఆలోచించలేదు. ఉత్తరం వాడిపోదు, గోంగూర వాడిపోతుంది. అదే చెప్పాను.

గుంటూరతను బుట్టలో ఎప్పుడూ ఒక చీటీ పెట్టేవాడు. మొదటి వారం చీటీలో, "అన్నయ్యా, బరువు ఎక్కువైందంట. మెయిలు సంచి దింపి మన బుట్ట ఎక్కించారు. పుల్లగా ఉంటది, ఎండుమిరగాయలు కాస్త ఎక్కువెయ్యి" అని ఉంది. చీటీని ఇనుపతీగకు గుచ్చాను. కాగితమనేది ఏదైనా సరే, పారేయకుండా తీగకు గుచ్చడం నా అలవాటు. లోడ్ షీట్లకొక తీగ, సొంత కాగితాలకొక తీగ. ఆ శుక్రవారం పచ్చడి అద్భుతంగా కుదిరింది.

అలా ఐదు గురువారాలు బుట్ట వచ్చింది, సంచి రాలేదు. సైట్ వాళ్లంతా ఉత్తరాల కోసం వచ్చి, పచ్చడి తిని పోయేవాళ్లు. మేస్త్రి దాన్ని పుంటికూర అనేవాడు. అందరికంటే ఎక్కువ తినేదీ అతనే. ముద్ద కలుపుతూ అడిగేవాడు.

"సారూ, ఈ వారం గూడ రాలేదా?"

"రాలేదయ్యా."

"ఏమైందో ఏమో. ఎన్నడిట్ల చెయ్యలె."

"ఇండియాలో పోస్టువాళ్లు సమ్మె చేస్తున్నారేమో. ఇంకాస్త వేసుకో."

వేసుకునేవాడు. మొదటి శుక్రవారమే, ఉత్తరం అందలేదని ఆమెకు నా చేత రాయించాడు కూడా. సీబ్‌లో పడున్న సంచుల్లో ఆమె ఉత్తరం ఉండొచ్చని నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. వచ్చేవారం చూద్దాంలే అనుకున్నాను. ఐదు వారాలూ అలాగే అనుకున్నాను.

నాలుగో శుక్రవారం అతను అన్నం ముట్టలేదు. చాప మీద కూర్చుని, "రాయుండ్రి సారూ" అన్నాడు.

"ఏమని?"

"నెలన్నరాయె, ఒక్క కాయితం లేదు. నేను బతికిన్నో సచ్చిన్నో పట్టదా అని రాయుండ్రి." లేచి కడవ దగ్గరికి పోతూ, అటు తిరిగి ఇంకో మాటన్నాడు. "గంత మనసు లేకుంటే తల్లిగారింటికి పొమ్మనుండ్రి."

మనిషి అటు తిరిగి, నీళ్లు ముంచుకుంటూ అన్న మాట అది. అలాంటి మాటల్ని గాలికి వదిలెయ్యాలి. నేను వదల్లేదు. కలం ఊపు మీద ఉంది. "భర్త బతికున్నాడో లేడో అక్కర్లేని ఇల్లాలికి ఆ ఇంటి గడపతో పని లేదు. ఈ ఉత్తరం అందిన నాడే నీ పుట్టింటి దారి పట్టవలసినది" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. చదివి వినిపించాను.

"జెర గట్టిగలేదా సారూ?"

"గట్టిగా ఉంటేనే జవాబొస్తుంది" అన్నాను. పెళ్లి కానివాణ్ని కదా, కాపురాల సంగతి నాకు బాగా తెలుసు.

ఐదో గురువారం విమానం వచ్చింది. బుట్ట దింపుకుని, ఆ ఉత్తరమున్న సంచి ఎక్కించాను.

ఆరో గురువారం బుట్ట రాలేదు. బర్కా తోటలో అర్బాబు మేకల్ని మడిలోకి తోలాడట. మేకల మేతే కదా, ఆయన తప్పేం లేదు. బుట్ట లేకపోయేసరికి చోటు మిగిలింది, ప్రయాణికులు కూడా తక్కువే. వెనకబడ్డ ఐదు సంచులూ, ఆ వారం సంచీ, అన్నీ ఒక్కసారే దిగాయి. కబురు పెట్టకుండానే సైట్ వాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళ పరిగెత్తుకొచ్చారు. మేస్త్రివి మూడు ఉత్తరాలు. షెడ్డు నీడలో కూర్చోబెట్టి చదివాను. మొదటిదాంట్లో బర్రె ఈనిన సంగతి. రెండోదాంట్లో జ్వరమొచ్చి తగ్గిన సంగతి. ఇక మూడోది. "నా ఉత్తరం అందలేదని రాసినవు. నేను తప్పకుంట పంపిన. పోస్టుమాస్టరు ముద్ర కొట్టంగ కండ్లార చూసిన. నువ్వు పరేషాన్ కాకు. నీ పానం పైలం" అని ఉంది.

మేస్త్రి ఆ మూడో ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

"సారూ, మనం రాసింది ఏడిదాక పోయుంటది?"

"బొంబాయి చేరి ఉంటుంది."

"వాపసు తెప్పియ్యరాదా?"

"రాదు."

"అది పదిమంది ముందట సదువుతరు సారూ. ఆమె ఇంట్ల నుంచి ఎల్లిపోతది. మా వదినె గిదానికే సూస్తున్నది." అంతలోనే తలెత్తాడు. "అయినా, గిన్ని సంచులు ఒక్కపారే ఎట్లొచ్చినయ్?"

"విమానంలో చోటు లేక ఆగిపోయాయి" అన్నాను. అది అబద్ధం కాదు. చోటు లేకుండా చేసిందెవరో చెప్పలేదు, అంతే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నా విషయంలో ఆకుల కోసమే చేతులు కాలాయి. అయినా తెలివి చూపించకుండా ఉండలేకపోయాను. టెలిగ్రాం ఇద్దామన్నాను. ఉత్తరం కంటే అది ముందు చేరుతుంది. "తర్వాత వచ్చే ఉత్తరం చదవవద్దు" అని ఇంగ్లీషులో రాసి, ఇంకా కదలని విమానం దగ్గరికి పరిగెత్తి పైలట్ దొర చేతికిచ్చాను. సీబ్‌లో మలయాళీ దాన్ని తంతి ఆఫీసులో ఇచ్చాడు. అది ముందే చేరింది కూడా. ఆ విషయంలో నా లెక్క తప్పలేదు.

తర్వాత జరిగినదంతా, సెలవు మీద వెళ్లొచ్చిన వాళ్ల ఊరతను మాకు చెప్పాడు. ఆ ఊళ్లో టెలిగ్రాం అంటే చావు కబురే. అది ఇంకో మాట మోసుకొచ్చిన దాఖలా లేదు. జవాను సైకిలు దిగకముందే ఆడవాళ్లు ఏడుపు మొదలెట్టారు. మేస్త్రి వదిన కూడా ఏడ్చింది. పోస్టుమాస్టరు అరుగెక్కి, ఇంగ్లీషు కూడబలుక్కుని, "తర్వాత వచ్చే ఉత్తరం చదవొద్దంట" అని చెప్పాడు. ఏడుపులు ఆగిపోయాయి. ఇక ఊరు ఊరంతా ఆ ఉత్తరం కోసం కాచుకుని కూర్చుంది. మామూలుగా పదిమంది వినేవాళ్లు. ఆ రోజు అరుగు చాల్లేదు. పోస్టుమాస్టరు చదవనన్నాడట. మేస్త్రి అన్న ఊరుకోలేదు, "మా ఇంటి ఉత్తరం మాకు సదవవా?" అని గొడవకు దిగాడట. చదివాడు. నేను రెండు గీతలు గీసిన చోట గొంతు పెంచి మరీ చదివాడట. ఆ సాయంత్రమే ఆమె బట్టల మూట చంకన పెట్టుకుని, మూడూళ్ల అవతలున్న తల్లిగారింటికి నడిచిపోయింది.

ఆమె జవాబు ఆగస్టులో వచ్చింది, ఎవరి చేతనో రాయించినది. చదవమని మేస్త్రి నా చేతికిచ్చాడు. "నువ్వు పొమ్మన్నవు, వచ్చిన. గా మాటలు నీవి కావని నాకెరుకే. పదకొండేండ్లల నువ్వు అసొంటి మాట నోటెంబడి తియ్యలె. కని పదిమంది ముందట పొమ్మన్నవు గద. పదిమంది ముందటనే రమ్మనాలె. నీ చేతితోటి రాయి. వంకర టింకరున్న మంచిదే. నడుమ ఇంకొకల చెయ్యి వద్దు. అప్పటిదాంక రాను." ఆ మాటలు రాసిన నా గొంతుతోనే ఆమె ఈ ఉత్తరం చదివించింది. సిగ్గేసింది. ఇప్పుడీ వాక్యం రాస్తుంటే కూడా వేస్తోంది.

మేస్త్రి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "నేర్పుతరా?" అని అడిగాడు.

డ్యూటీ దిగగానే వచ్చేవాడు. సిమెంటు సంచుల కాగితం కోసి, పెద్ద పెద్ద షీట్లు కుట్టుకున్నాడు. అరచేయంత అక్షరాలు రాసేవాడు. 'అ' రాయడానికి వారం పట్టింది. గుండ్రంగా వచ్చే అక్షరాలంటే అతనికి గిట్టేది కాదు, ఇటుక నిలవదని. "దీనికి కింద ఆధారం లేదన్నా, పడిపోతది" అనేవాడు. అవును, అప్పటికి అన్నా అనడం మొదలెట్టాడు. నా కన్నా పెద్దవాడు నన్ను అన్నా అంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది. "గురువు గద" అన్నాడు. నేను తిట్టేవాణ్ని. ఒత్తులు మరిచిపోతే కాగితం లాక్కుని విసిరేసేవాణ్ని. అతను తెచ్చుకుని మళ్లీ రాసేవాడు. ఒకసారి మాత్రం, "తిట్టుండ్రి అన్నా, కని జెల్దీ నేర్పుండ్రి. ఆమె ఆడ ఒకల చేతికింద ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత తిట్టలేదు.

నవంబరు చివర్లో ఉత్తరం తయారైంది. నేను చెయ్యి పెట్టలేదు. ఒక్క మాట కూడా దిద్దలేదు. "ఇంటికి రా. తప్పు నాది. ఇది నేనే రాసిన." అంతే. తప్పు నాది అన్న చోట అతని కలం ఆగినప్పుడు, ఆ మాట రాయాల్సిన చెయ్యి నాదని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. నోట్లోనే ఉండిపోయింది. ఆ గురువారం పోయే సంచిని అన్నిటికంటే ముందు ఎక్కించాను. అది రూలు కాదు గానీ, నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదు.

జనవరిలో ఒక గురువారం ఆమె ఉత్తరం వచ్చింది. మరునాడు పొద్దున్నే మేస్త్రి దాన్ని పట్టుకుని నా రూమ్‌కి వచ్చాడు. "నేనే సదువుత, నువ్వు మాట్లాడకు" అన్నాడు. ఒక్కో అక్షరాన్నీ వేలితో పట్టుకుని చదివాడు. పది వాక్యాలకు గంట పట్టింది. ఆమె ఇంటికొచ్చింది. అతని ఉత్తరం తెచ్చి, అదే అరుగు మీద, అదే పోస్టుమాస్టరు చేత, అందరి ముందూ చదివించింది. వదిన వచ్చి మూట అందుకుందట. చదవడం అయ్యాక మేస్త్రి ఏడ్చాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత నన్ను కౌగిలించుకున్నాడు. ఆ రూమ్‌లో ఆ రోజున్నంత సంతోషం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇక అతన్ని పట్టడం ఎవరి తరం? చదువొచ్చిన మత్తులో ఉన్నాడు. గోడ మీది తెలుగు క్యాలెండరు చదివాడు. అమృతాంజనం డబ్బా చుట్టిన కాగితం చదివాడు. పాత వారపత్రిక అట్ట చదివాడు. తెలుగు కాగితాలు అయిపోయాయి. నేను స్టవ్ మీద టీ పెడుతున్నాను. అతను కిటికీ పక్కనున్న తీగ దగ్గరికి పోయి, గుచ్చిన కాగితాలు ఒక్కటొక్కటే తిప్పసాగాడు. ఏ తీగ అన్నది నాకు వెంటనే తోచలేదు. తోచేసరికి మొదలుపెట్టేశాడు.

"అ... న్న... య్యా. అన్నయ్యా! బ... రు... వు. బరువు. ఎ... క్కు... వైం... దం... ట."

నేను స్టవ్ దగ్గరే నిలబడిపోయాను. పోయి లాక్కోవచ్చు. మూణ్నెల్లు అతని చేతిలో కాగితాలు లాక్కున్నవాణ్నే.

"మె... యి... లు. మెయిలు. సం... చి. మెయిలు సంచి. దిం... పి." నవ్వుతూనే ఉన్నాడు, అక్షరాలు దొరుకుతున్నాయి గనక. "మ... న. మన. బు... ట్ట. మన బుట్ట. ఎక్కించారు."

నవ్వు ఆగింది. ఎండుమిరపకాయల వాక్యం కూడా విడవకుండా చదివాడు. దాని తర్వాతి వారం చీటీ చదివాడు, అందులోనూ సంచి దింపిన మాటే. ఆ తర్వాతి వారానిదీ చదివాడు. ఐదూ చదివాడు, ఒక్కోదానికీ వేగం కాస్త పెరిగింది. టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. చదవడం అయ్యాక చీటీల్ని ఎలా ఉన్నవి అలా తీగకు గుచ్చి, వేలితో సర్ది, నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. కోప్పడితే ఎంత బాగుండేదో.

"మంచిగ సదివిననా, సారూ?" అన్నాడు.

మంచిగానే చదివావన్నాను.